అమ్మ కంటి ఆపరేషన్‌కి ఇన్ని రక్త పరీక్షలు నిజంగా అవసరమా?

కోనసీమ_కుర్రోడు

అందరికీ నమస్తే. మా అమ్మకి 63 ఏళ్ళు. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ వచ్చే గురువారం పెట్టుకున్నాం. బీపీ ఉంది, పొద్దున్నే టెల్మిసార్టన్ ఒకటి వేసుకుంటుంది, అదుపులోనే ఉంది. షుగర్ లేదు, కనీసం ఉందని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. చుక్కల మందుతోనే కంటికి మత్తు ఇస్తాం, సూది కూడా ఉండదు, మధ్యాహ్నానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు అన్నారు డాక్టర్ గారు. అంతా బానే ఉందనుకుని బయటికొస్తే కౌంటర్‌లో అమ్మాయి ఒక చీటీ చేతిలో పెట్టింది.

సీబీపీ, ఈఎస్ఆర్, ఆర్‌బీఎస్, హెచ్‌బీఏ1సీ, యూరియా, క్రియాటినిన్, ఎలక్ట్రోలైట్స్, ఎల్‌ఎఫ్‌టీ, లిపిడ్ ప్రొఫైల్, థైరాయిడ్, బీటీ సీటీ, పీటీ, ఏపీటీటీ, వైరల్ మార్కర్స్, సీయూఈ, ఈసీజీ, 2డీ ఎకో.

మొత్తం ఐదు వేల పైన. ఇవన్నీ ఎందుకమ్మా అంటే "ఆపరేషన్ ఉన్నవాళ్ళందరికీ ఇదే ప్యాకేజీ సర్" అంది. డబ్బు ఒక ఎత్తు, అమ్మకి నరం దొరక్కపోవడం ఇంకో ఎత్తు. రక్తం తీసిన ప్రతిసారీ మోచేతులు కమిలిపోయి వారం దాకా నల్లగా ఉంటాయి. కంటికీ కొలెస్టరాల్‌కీ సంబంధం ఏంటో తెలిసినవాళ్ళు చెప్పండి. వద్దంటే ఆపరేషన్ చేయరేమోనని టెన్షన్‌గా ఉంది.

బెజవాడ_బాబాయ్

అబ్బాయ్, ఫోన్లకి యాభై వేలు పోస్తారు, కన్నతల్లి పరీక్షలకి ఐదు వేలు లెక్క చూస్తారా. చేయించెయ్. లోపల ఏముందో ఎవడికి తెలుసు, కత్తి పెట్టాక తెలిస్తే ఏం చేస్తావ్?

మత్తుడాక్టర్_హనుమకొండ

నేను మత్తు డాక్టర్‌ని. ఆపరేషన్‌కి ముందు ఫిట్‌నెస్ ఇచ్చే పీఏసీలో రోజూ కూర్చునేవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

చుక్కల మందుతో చేసే శుక్లం ఆపరేషన్‌లో రక్తం పోవడమంటూ దాదాపు ఉండదు. పేషెంట్ మెలకువగానే ఉంటారు, మాట్లాడుతూనే ఉంటారు. ఈ ప్రశ్న మీద అమెరికా, కెనడాల్లో పెద్ద అధ్యయనం చేసి 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వేశారు. దాదాపు 19 వేల శుక్లం ఆపరేషన్లు తీసుకుని, సగం మందికి మామూలు పరీక్షలన్నీ చేయించారు, మిగతా సగానికి ఏమీ చేయించలేదు. ఆపరేషన్ సమయంలో, తర్వాత వచ్చిన ఆరోగ్య సమస్యలు రెండు వైపులా ఒకటే, వెయ్యికి 31. అవి కూడా ఎక్కువగా బీపీ పెరగడం, గుండె వేగం తగ్గడం లాంటివి. వాటిని రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీ ముందే పసిగట్టలేదు కదా. కాకపోతే ఒక మాట మర్చిపోకూడదు. పరీక్షలు లేని గుంపులో కూడా కొత్తగా ఏదైనా జబ్బు కనిపించినా, ఉన్న జబ్బు ముదిరినా పరీక్ష చేయించే వీలు ఉంచారు. అంటే డాక్టర్ ముందు మనిషిని చూశాడు, తర్వాతే పరీక్ష సంగతి ఆలోచించాడు.

మీ అమ్మగారికి నేనైతే చేసేవి ఇవి. బీపీ చూస్తాను. వేలికి గుచ్చి షుగర్ చూస్తాను, మన దగ్గర ఉన్నా తెలియనివాళ్ళు చాలామంది కాబట్టి. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, వెల్లకిలా అరగంట కదలకుండా పడుకోగలరా, దగ్గు ఉందా అని అడుగుతాను. ఈ పడుకోగలగడం అనేది గుండె స్కాన్ చేసే ఎకో కంటే ముఖ్యం, నన్ను నమ్మండి. టెల్మిసార్టన్ వాడుతున్నారు కాబట్టి ఈ ఏడాదిలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం చూడకపోయి ఉంటే చూడమంటాను, అది కూడా బీపీ కోసం, కంటి కోసం కాదు.

ఇక మందుల చీటీ మొత్తం చూస్తాను. గుండె కవాటం మార్పించుకుని రక్తం పలచబరిచే ఎసిట్రోమ్ వాడేవాళ్ళయితే, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష తప్పనిసరి. నాన్నల కోసం చదువుతున్నవాళ్ళు ఒకటి రాసి పెట్టుకోండి: ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతున్నా, గతంలో వాడినా కంటి డాక్టర్‌కి చెప్పి తీరాలి. ఆపరేషన్ మధ్యలో కంటిపాప సరిగ్గా విప్పారదు, దాని చుట్టూ ఉండే రంగు పొర వదులై అల్లాడుతుంది. డాక్టర్‌కి ముందే తెలిస్తే దానికి తగ్గట్టు సిద్ధమవుతారు. ఆ చీటీలో ఉన్న ఏ రక్త పరీక్షా ఈ సంగతి చెప్పదు.

బెజవాడ_బాబాయ్

డాక్టర్ గారూ మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. ఎక్కువ పరీక్షలు చేయిస్తే నష్టం ఏముందండీ? డబ్బులేగా. ఏదో ఒకటి బయటపడొచ్చు.

గుంటూరు_ల్యాబ్

బాబాయ్ గారూ, ఆ "ఏదో ఒకటి బయటపడటం" దగ్గరే ఉంది చిక్కంతా. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, దీని లెక్క చెప్తాను. రిపోర్టులో పక్కన నార్మల్ రేంజ్ అని ఉంటుంది చూశారా, దాన్ని మామూలుగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది పడేలా పెడతారు. అంటే ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఒక్కో పరీక్షలో 5 శాతం అవకాశం బయట పడటానికి. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే కనీసం ఒకటైనా బోల్డ్ అక్షరాల్లో వచ్చే అవకాశం 64 శాతం. పెద్ద వల వేస్తే చేపలతో పాటు చెత్తా పడుతుంది. ఆ చెత్తని ఏరడానికి మళ్ళీ పరీక్ష, ఇంకో డాక్టర్, ఆపరేషన్ వాయిదా.

పాలమూరు_అక్క

ఇదే జరిగింది మా ఇంట్లో. తమ్ముడికి గజ్జల్లో హెర్నియా, వయసు 29, పహిల్వాన్ లెక్క ఉంటడు. పొద్దున్నే ఖాళీ కడుపుతో తీసుకుపోతే ఏపీటీటీ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్ష) ఎక్కువొచ్చిందని ఆపరేషన్ ఆపేశారు. రక్తం గడ్డకట్టే జబ్బు ఉండొచ్చు అన్నారు. మా అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. రక్త నిపుణుడి దగ్గరికి పోతే ఆయన ముందు ఒక్క కాగితం కూడా చూడలేదు. "పన్ను పీకించుకున్నావా ఎప్పుడైనా? ఎంతసేపు రక్తం కారింది? చిన్నప్పుడు ముక్కులోంచి రక్తం వచ్చేదా? ఇంట్లో మగపిల్లలకి ఎవరికైనా దెబ్బ తగిలితే కీళ్ళు వాచేవా?" అన్నీ లేవు అన్నాడు మావాడు. మళ్ళీ రక్తం తీయించారు, నార్మల్. ఆపరేషన్ రెండు వారాలు లేటు, తమ్ముడి సెలవులు పాయె.

గుంటూరు_ల్యాబ్

అక్కా, నేను పందెం కాస్తా, అది నీలం మూత ట్యూబ్ పనే. పీటీ, ఏపీటీటీకి వాడే నీలం మూత గొట్టంలో ముందే సిట్రేట్ ద్రవం ఉంటుంది. రక్తం 9 వంతులు, సిట్రేట్ 1 వంతు ఉండాలి, అందుకే గొట్టం మీద గీత వేసి ఉంటుంది. నరం దొరక్క గీత కంటే కిందే ఆపేస్తే సిట్రేట్ పాలు ఎక్కువైపోయి రక్తం లేటుగా గడ్డకట్టినట్టు రిపోర్టు వస్తుంది. పేషెంట్‌కి ఏమీ ఉండదు. గీత దాకా రాని శాంపిల్ తిరస్కరించాలని రూలు, కానీ ఉదయం ఏడింటికి నలభై మంది లైన్లో ఉంటే...

ఇలాంటివే ఇంకో రెండు. పట్టీ గట్టిగా బిగించి పిడికిలి మూసి తెరువు, మూసి తెరువు అంటుంటారు కదా, దానివల్ల పొటాషియం దొంగగా పెరుగుతుంది. రక్తకణాలు పగిలినా అంతే. ఊదారంగు మూత గొట్టంలో కొంతమంది ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మెషిన్ వాటిని లెక్కపెట్టలేక 40 వేలు అని చూపిస్తుంది. డెంగ్యూ అని ఇల్లంతా గగ్గోలు. స్లైడ్ వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే గుంపులు గుంపులుగా కనిపిస్తాయి, అసలు సంఖ్య మామూలే.

బీటీ సీటీ గురించి కూడా చెప్పాలి. వేలికి గుచ్చి ప్రతి అర నిమిషానికి ఫిల్టర్ పేపర్‌తో అద్దుతాం, మచ్చ పడటం ఆగితే అది బీటీ. సన్న గాజు గొట్టంలోకి రక్తం ఎక్కించి కొంచెం కొంచెంగా విరుస్తూ మధ్యలో దారం లాంటిది కనబడేదాకా చూస్తే అది సీటీ. ఎంత లోతు గుచ్చారు, గది ఎంత చల్లగా ఉంది, చేసినవాడు గడియారం చూశాడా లేదా, వీటి మీద ఆధారపడే అంకె. రోజూ చేస్తున్నా కాబట్టి చెప్తున్నా, నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు.

మత్తుడాక్టర్_హనుమకొండ

పై పోస్టుకి నా సంతకం కూడా వేసుకోండి. బీటీ చూసి ఆపరేషన్లో ఎవరికి రక్తస్రావం అవుతుందో చెప్పలేం. పాలమూరు అక్క చెప్పిన ఆ పన్ను ప్రశ్నే నయం. ఆడవాళ్ళనయితే నెలసరి ఎంత ఎక్కువ, కాన్పులో రక్తం ఎక్కించారా అని అడుగుతాం. కాలేయ జబ్బు ఉన్నా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా, ఈ ప్రశ్నలకి అవును అన్నా అప్పుడు పీటీ, ఏపీటీటీకి అర్థం ఉంది.

లీడ్స్_నర్సమ్మ

మాది తెనాలి, ఇక్కడ యూకేలో ఆపరేషన్‌కి ముందు చూసే క్లినిక్‌లో నర్సుని. మాకు నైస్ (ఇక్కడ వైద్యానికి గైడ్‌లైన్లు ఇచ్చే సంస్థ) వాళ్ళు 2016లో ఇచ్చిన గైడ్‌లైన్ ఉంది. ఆపరేషన్ చిన్నదా, మధ్యస్థమా, పెద్దదా అని ఒక వైపు, మనిషి ఆరోగ్యం ఏ గ్రేడ్ అని ఇంకో వైపు పెట్టి, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో పట్టిక ఉంటుంది. చర్మం మీద గడ్డ తీయడం లాంటి చిన్న వాటికి సీబీపీ (ఇక్కడ ఎఫ్‌బీసీ అంటాం) ఎవరికీ మామూలుగా చేయం. హెర్నియా, టాన్సిల్స్ లాంటి మధ్యస్థ వాటికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి చేయం. పొట్ట కోసి గర్భసంచి తీయడం, మోకాలు మార్చడం లాంటి పెద్ద వాటికి అందరికీ చేస్తాం. షుగర్ లేనివాళ్ళకి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పేది) వద్దు, ఉన్నవాళ్ళకి గత 3 నెలల్లో చేయకపోతే చేయాలి.

అమెరికాలో మత్తు డాక్టర్ల సంఘం కూడా, రక్తం పెద్దగా పోని ఆపరేషన్లకి ఆరోగ్యవంతులకీ, జబ్బు అదుపులో ఉన్నవాళ్ళకీ ఊరికే రక్త పరీక్షలు రాయొద్దని వాళ్ళ డాక్టర్లకే చెప్పింది. అలాగని ఇక్కడంతా స్వర్గం అనుకోకండి. పరీక్ష తక్కువే, ఆపరేషన్ డేట్ కోసం మాత్రం నెలలు నెలలు చూడాలి.

సిరిసిల్ల_సత్తెన్న

అందరు పరీక్షలు వద్దు అంటున్నరు, నేను ఉల్టా చెప్తా. మా ఇంటామెకి గర్భసంచిలో గడ్డలు, నెలనెలా బాగా రక్తం పోయేది. నడుస్తుంది, వంట చేస్తుంది, బీడీలు చుడుతుంది, బానే ఉంది అనుకున్నం. ఆపరేషన్ అంటే సీబీపీ చేసిండ్రు, హిమోగ్లోబిన్ 7. డాక్టరమ్మ డేట్ రద్దు చేసి, రక్తం ఎక్కించకుండా ముందు నరంలో ఐరన్ ఇచ్చింది, నెలసరి ఆగేటట్టు మందు రాసింది. కొన్ని వారాలకి 10 దాటినంక ఆపరేషన్ చేసింది. ఒక్క రక్తం సీసా అవసరం పడలె. ఆ 200 రూపాయల పరీక్ష లేకపోతే ఏమయ్యేదో.

మత్తుడాక్టర్_హనుమకొండ

సత్తెన్నా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, లీడ్స్ నర్సమ్మ పట్టికని మన దగ్గర అచ్చంగా దించేసుకోలేకపోవడానికి కారణం కూడా ఇదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలుగు రాష్ట్రాలు రెండూ అంతకంటే మెరుగేం కాదు. కాబట్టి రక్తం పోయే ఆపరేషన్ ఏదైనా ఉంటే ఆడమనిషికి హిమోగ్లోబిన్ చూడాల్సిందే, వయసు పాతికైనా సరే.

కానీ ఎప్పుడు చూడాలి అన్నది ఎవరూ పట్టించుకోరు. ఆపరేషన్ ముందురోజు సాయంత్రం చేసిన సీబీపీలో 8 వస్తే నేను చేయగలిగింది రెండే, రక్తం ఎక్కించడం లేదా వాయిదా వేయడం. అదే ఆపరేషన్ చేయాలని అనుకున్న రోజే చూస్తే మాత్రలతోనో ఇంజెక్షన్‌తోనో ఐరన్ ఇచ్చి పెంచుకునే టైమ్ ఉంటుంది. పరీక్ష ఒకటే, ధర ఒకటే, ముందురోజు చేస్తే సగం పనికిరాకుండా పోతుంది.

తీపి_మనిషి

నాకు షుగర్ పదేళ్ళ పైనుంచి. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళకి ఆపరేషన్ అయింది. హెచ్‌బీఏ1సీ 10 పైన ఉందని మొదట మూడు నెలలు తిప్పారు, నాకు కోపం వచ్చింది గానీ, పుండు మానదు, చీము పడుతుంది అని వివరంగా చెప్పాక ఒప్పుకున్నా. ఇంకోటి, నేను డాపాగ్లిఫ్లోజిన్ వాడతాను. అది మూడు రోజుల ముందే ఆపమన్నారు. దీనికి కూడా రక్త పరీక్ష ఏమైనా ఉందా?

మత్తుడాక్టర్_హనుమకొండ

ఆపమన్నవాళ్ళు మంచి పని చేశారు. ఆ కుటుంబం మందులతో ఉపవాసం, ఆపరేషన్ ఒత్తిడి కలిస్తే షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు పేరుకుని ఆమ్లం పెరిగిపోతుంది. గ్లూకోమీటర్‌లో 160 చూసి బానే ఉందనుకుంటాం, పేషెంట్ వాంతులు చేసుకుంటూ ఆయాసపడుతుంటాడు. అప్పుడు చూడాల్సింది రక్తంలో కీటోన్లు. కానీ అక్కడిదాకా రాకుండా ముందే మందు పేరు చెప్పడం మేలు. "షుగర్ మాత్ర, తెల్లగా గుండ్రంగా ఉంటుంది" అంటే మాకేం అర్థం కాదు, షీటు పట్టుకురండి.

చెప్పుల_షాపు_లాయర్

(పేరు చూసి నవ్వకండి, మా నాన్న షాపు అది.) వైరల్ మార్కర్స్ అని రాశారు చూడండి, అందులో హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ ఉంటాయి. 2017లో వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం హెచ్ఐవీ పరీక్షకి వివరంగా చెప్పి సమ్మతి తీసుకోవాలి. వైద్యం అందాలంటే ఈ పరీక్ష చేయించుకుని తీరాలని షరతు పెట్టకూడదు. పాజిటివ్ వచ్చిందని వైద్యం నిరాకరించకూడదు. ప్యాకేజీలో కలిపేసి, చెప్పకుండా చేసి, రిపోర్టు వార్డులో అందరి ముందూ చదవడం నేను కళ్ళారా చూశాను.

జూనియర్_సర్జన్

తిట్టకండి, మా వైపు కథ కూడా వినండి. నేను ఏ పరీక్ష రాయకపోయినా పొద్దున ఏడున్నరకి టేబుల్ మీద పేషెంట్ ఉండగా "ఆ రిపోర్టు ఏది" అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు కేసు రద్దయితే పేషెంట్ బంధువులు నా కాలర్ పట్టుకుంటారు, మత్తు డాక్టర్‌ది కాదు (సారీ సర్). హాస్పిటల్ చెక్‌లిస్ట్‌లో గడులు ఖాళీగా ఉండకూడదు. ఏదైనా జరిగి కన్స్యూమర్ కోర్టుకి వెళ్తే మొదటి ప్రశ్న "ఈ పరీక్ష ఎందుకు చేయించలేదు" అనే. అనవసరంగా ఎందుకు చేయించావని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. అందుకే అన్నీ రాసేస్తాం, అందులో సగం నేను కూడా చదవను, నిజం చెప్తున్నా.

మత్తుడాక్టర్_హనుమకొండ

చదవని రిపోర్టు ఉంటే కోర్టులో ఇంకా ప్రమాదం తమ్ముడూ. పొటాషియం 6.2 అని ప్రమాదకరమైన అంకె కాగితం మీద ఉండి ఎవరూ చూడకపోతే ఏం సమాధానం చెప్తావ్? చేయించని పరీక్షని "అవసరం లేదు, కారణం ఇదీ" అని కేస్ షీట్‌లో ఒక్క లైను రాసి సమర్థించుకోవచ్చు.

పాలసీ_పాపారావు

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి చిన్న మాట. పాలసీల్లో ఆపరేషన్‌కి ముందు అయ్యే ఖర్చులకి ఇన్ని రోజులని ఉంటుంది, ఆరోగ్య సంజీవని పాలసీలో అయితే 30 రోజులు. అదే జబ్బుకి సంబంధించి డాక్టర్ రాసిన చీటీ, బిల్లు, రిపోర్టు మూడూ ఉంటేనే ఇస్తారు. చీటీ లేకుండా కౌంటర్ ప్యాకేజీ బిల్లు పెడితే కోత పడుతుంది. ఆపరేషన్ లేటవుతుందని తెలిస్తే అందుకు తగ్గట్టు చూసుకోండి.

కోనసీమ_కుర్రోడు

అందరికీ థాంక్స్. ఇవాళ అమ్మని తీసుకుని మళ్ళీ వెళ్ళాను. కౌంటర్‌లో వాదించకుండా నేరుగా డాక్టర్ గారినే కలిశాను, "వీటిలో ఏది తేడాగా వస్తే మీరు చేసే పని మారుతుంది సర్?" అని అడిగాను, అంతే. ఆయన చీటీ చూసి తనే కొంచెం ఆశ్చర్యపోయారు, ఎవరో ప్రింట్ చేసి పెట్టుకున్న చీటీ అట. పెన్ను తీసి వరసగా కొట్టేశారు. మిగిలినవి షుగర్, క్రియాటినిన్, ఎలక్ట్రోలైట్స్ (పొటాషియం లాంటివి), ఈసీజీ. ఈసీజీ రెండు నెలల క్రితందే బీపీ డాక్టర్ దగ్గర తీశారు, అది చాలన్నారు. వైరల్ మార్కర్స్ మాత్రం హాస్పిటల్ పద్ధతి, తీసేయలేను అన్నారు. లాయర్ గారు చెప్పినట్టు ముందు వివరం చెప్పమన్నాను, నర్సమ్మ కూర్చోబెట్టి చెప్పి సంతకం తీసుకుంది, అమ్మ సరే అంది. ఒక్కసారే గుచ్చారు, అదీ అరచేతి వెనక సన్న సూదితో. షుగర్ 118, మిగతావి కూడా మామూలే.

ఇంకో సందేహం. నాన్నకి 68, సంక్రాంతి తర్వాత మోకాలు మార్పిడి అంటున్నారు. దానికి కూడా ఇలాగే కొట్టేయించవచ్చా?

మత్తుడాక్టర్_హనుమకొండ

వద్దు, అది వేరే లెక్క. పెద్ద ఆపరేషన్, రక్తం పోతుంది, వెన్నుకి మత్తు ఇస్తారు. సీబీపీ, క్రియాటినిన్, ఎలక్ట్రోలైట్స్, షుగర్, ఈసీజీ, బ్లడ్ గ్రూపింగ్, వీటి మీద బేరం పెట్టకండి. డేట్ తీసుకున్న వెంటనే చేయించండి, సంక్రాంతి దాకా ఆగొద్దు. హిమోగ్లోబిన్ తక్కువుంటే పెంచుకోవడానికి టైమ్ కావాలి.

కోనసీమ_కుర్రోడు

బ్లడ్ గ్రూప్ నాన్న డ్రైవింగ్ లైసెన్స్ మీద ఓ పాజిటివ్ అని ఉంది సర్, మళ్ళీ ఎందుకు?

గుంటూరు_ల్యాబ్

లైసెన్స్ చూసి ఏ బ్లడ్ బ్యాంకూ రక్తం ఇవ్వదు తమ్ముడూ, ఇవ్వకూడదు కూడా. గ్రూపు మళ్ళీ చూడాలి, నాన్న సీరమ్‌లో వేరే యాంటీబాడీలు ఉన్నాయా చూడాలి, ఇచ్చే సీసాతో క్రాస్ మ్యాచ్ చేయాలి. శాంపిల్ తీసేటప్పుడు నాన్న పేరు ఆయన్నే చెప్పమని, గొట్టం మీద మంచం పక్కనే రాస్తున్నారో లేదో నువ్వే చూడు. గ్రూపు తప్పులు మెషిన్‌లో కంటే పేరు రాసే దగ్గరే ఎక్కువ జరుగుతాయి.

మత్తుడాక్టర్_హనుమకొండ

నాన్నగారు గుండెకి ఏమైనా వాడుతున్నారా? రక్తం పలచబరిచే ఎకోస్ప్రిన్ లాంటివి?

కోనసీమ_కుర్రోడు

అవును సర్, ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ రెండూ. పోయినేడాది స్టెంట్ వేశారు.

మత్తుడాక్టర్_హనుమకొండ

అయితే రక్త పరీక్షల కంటే ముందు స్టెంట్ వేసిన డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఏ స్టెంట్, ఏ తేదీన వేశారు, ఏ మందు ఎప్పుడు ఆపొచ్చు, అసలు ఆపొచ్చా అని కాగితం మీద రాయించుకురండి. మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపకండి. ఎముకల డాక్టర్‌కి కూడా ఇప్పుడే చెప్పండి, సంక్రాంతి తర్వాత డేట్ మారినా మారొచ్చు.

కోనసీమ_కుర్రోడు

సరే సర్, సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకుంటా.